ఐదో నంబరు చర్మం

2016 వేసవిలో, మాదాపూర్‌లోని ఒక క్లినిక్కులో, మా చెల్లె ముఖం పక్కకి ఒక తెల్లటి యంత్రాన్ని తోసుకొచ్చి నిలబెట్టారు. దాని తెర మీద ఆరు గుండ్రాలు. పాలమీగడ రంగు దగ్గర మొదలై కాఫీ డికాక్షన్ రంగు దాకా వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒక రోమన్ అంకె. యంత్రం దగ్గరున్న అమ్మాయి చెల్లె వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసి మూడో గుండ్రం మీద వేలు పెట్టింది. పక్కన కుర్చీలో కూర్చున్న నేను అది చూశాను, పట్టించుకోలేదు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఏదో ఒకటి ఎంచుకుంటే గానీ ముందుకు పోనివ్వని ఫారాలు రోజూ చూస్తూనే ఉంటాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున చెల్లె రెండు బుగ్గల మీదా ఎవరో రబ్బరు స్టాంపు వేసినట్టు వేలెడంత దీర్ఘచతురస్రాలు తేలాయి. మొదట ఎర్రగా, నాలుగు రోజులకి గోధుమ రంగులో, వారం గడిచేసరికి నల్లగా. నెలన్నరలో నిశ్చితార్థం. క్లినిక్కు వాళ్ళు ఫోన్లో "నార్మలే సార్, పొక్కు కట్టి రాలిపోతుంది" అన్నారు. రాలలేదు. ఆ నలుపు పోవడానికి ఏడాది దగ్గర దగ్గర పట్టింది. నిశ్చితార్థం సంగతి ఇక్కడ రాయను. తన పేరు రాయకూడదనే షరతు మీదే చెల్లె ఈ వ్యాసానికి ఒప్పుకుంది.

మేముండేది బోరబండలో. నాయిన సనత్‌నగర్‌లో పని దొరికి దేవరకొండ వైపు నుంచి వచ్చినప్పుడు ఇక్కడ అద్దెలు తక్కువ. ఎంఎంటీఎస్ రైల్లో బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. ఒక్క స్టేషను. ఆ ఒక్క స్టేషను దూరంలోనే మా ఇంటి పక్క బ్యూటీ పార్లరు ఫేషియల్ కాస్తా క్లినిక్కు లేజర్‌గా మారిపోతుంది. మా గల్లీ భాషలో దాన్ని "లేజర్ కొట్టించుకోవడం" అంటారు. రంగు కొట్టించినట్టు, గుండు కొట్టించినట్టు. చెల్లెకి కొట్టింది నిజానికి లేజర్ కూడా కాదు. ఆ సంగతి చాలా రోజులకి గానీ నాకు తెలీలేదు.

అసలు చెల్లెకి వచ్చిన ఇబ్బంది ఏమిటి? ముఖం ఎర్రబడటం. ఇది తెలుగులో చెప్పడం ఎంత కష్టమో చూడండి. మన భాషలో ముఖం ఎర్రబడితే అది కోపమో సిగ్గో అవుతుంది. ముఖం జేవురించిందంటే ఎవరికో మూడిందని అర్థం. రోగం అనిపించే మాట ఒక్కటీ లేదు. పైగా మనం తెల్లటి మనిషిని తెల్లగా ఉన్నాడని అనం, ఎర్రగా ఉన్నాడంటాం. ఎర్రగా బుర్రగా ఉంటే సంబంధం కుదిరినట్టే. అందుకే చెల్లె ముఖం ఎర్రబడటం మొదలైన కొత్తలో వాడకట్టంతా సంతోషించింది. "మీ బిడ్డ ఎర్రగైంది వదినా, ఏం రాస్తుంది?" అని అమ్మని అడిగి వెళ్ళేవాళ్ళు.

రాస్తున్నది ఒక చిన్న ట్యూబు. కాలేజీలో ఉండగా బుగ్గల మీద మొటిమలు పోయి నల్ల మచ్చలు మిగిలితే మందుల షాపులో అడిగి తెచ్చుకుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ మూడూ కలిపిన క్రీము. మూడోది స్టెరాయిడ్. పది రోజుల్లో మచ్చలు పలచబడ్డాయి, ముఖం మెరిసింది. మానేస్తే మంట, దురద. మళ్ళీ రాస్తే హాయి. రెండేళ్ళు గడిచేసరికి చర్మం పలచబడి, కింది సన్నటి రక్తనాళాలు వెడల్పై పైకి కనిపించసాగాయి. ఊరు మెచ్చుకున్న ఎరుపు అదే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2011లో దేశంలోని పన్నెండు చర్మవైద్య కేంద్రాలు కలిసి ఒక అధ్యయనం ప్రచురించాయి. ముఖం మీద ఏదో ఒక బాధతో వచ్చిన 2,926 మందిని అడిగితే 433 మంది స్టెరాయిడ్ రాస్తున్నామని చెప్పారు. 'స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం' అన్న అర్థం వచ్చే రోగనామాన్ని ప్రపంచ వైద్యానికి ఇచ్చింది మన దేశపు డాక్టర్లే. ప్రభుత్వం ఇలాంటి పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది 2018లో. చెల్లెకి రెండేళ్ళు ఆలస్యంగా.

స్టాంపులు పడ్డాక ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీలో మూడు గంటలు నిలబడి చూపించుకున్నాం. అక్కడి డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "ఎన్నాళ్ళు రాశావమ్మా ట్యూబు? ఈ లైటు ఎవరు కొట్టారు? నీది టైప్ ఫైవ్ స్కిన్ కదా" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, తెర మీద ఆరు గుండ్రాలూ, మూడో దాని మీద పడ్డ వేలూ. ఇంటికొచ్చి ఆ ఐదు ఎక్కణ్ణించి వచ్చిందో వెతకడం మొదలుపెట్టాను. కోడ్‌లో ఎక్కడో ఒక విలువ తప్పుగా కనిపిస్తే అది మొదట ఎవరు, ఎందుకు పెట్టారో వెనక్కి తవ్వుకుంటూ పోవడం నా ఉద్యోగం. అదే అలవాటుతో తవ్వాను.

ఆ ఆరు మెట్ల నిచ్చెన పేరు ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్. బోస్టన్‌లో హార్వర్డ్ చర్మవైద్య విభాగానికి పెద్దగా ఉన్న థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో దాన్ని తయారుచేశాడు. లేజర్ కోసం కాదు. ముందు ఏడాది, 1974లో, ఆయనా జాన్ పారిష్ అనే యువ డాక్టరూ ఇంకొందరూ కలిసి సోరియాసిస్‌కి కొత్త చికిత్స ప్రకటించారు. సొరాలెన్ అనే మందు మింగించి, తర్వాత ఒంటి మీద అతినీలలోహిత కాంతి వేయడం. పూవా అంటారు. ఆ పత్రం మీద ఉన్న నాలుగు పేర్లలో ఒకటి మధుకర్ పాఠక్, మనవాడు. మోతాదు దగ్గర చిక్కొచ్చింది. ఒకే కాంతికి ఒకరి ఒళ్ళు కాలుతుంది, మరొకరిది కాలదు. జుట్టు రంగు, కంటి రంగు చూసి అంచనా వేస్తే తప్పుతోంది. అందుకని ఫిట్జ్‌పాట్రిక్ రోగినే అడగమన్నాడు: ఎండాకాలం మొదట్లో ఎండలో ఉంటే నీ ఒళ్ళు ఎర్రగా కందుతుందా, తర్వాత రంగు తిరుగుతుందా? జవాబుల్ని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లు. ఆ నాలుగూ తెల్లవాళ్ళవే. గోధుమ రంగు వాళ్ళకి ఐదు, నల్లవాళ్ళకి ఆరు తర్వాత తగిలించారు.

ఆ ప్రశ్నని మా అమ్మని అడిగి చూశాను. "ఎండల పోతె ఎర్రగైతరా ఎవరన్న? నల్లగైతరు గని" అంది. ఈ స్కేల్ మీద ఇంతకన్నా సూటి విమర్శ నేనెక్కడా చదవలేదు. ప్రశ్నే మనకి అర్థం కాదు. ఇండియాలో ఎక్కువమంది నాలుగో ఐదో అవుతామంటారు. కానీ మా గల్లీ చివర ఇస్త్రీ బండి ఆయనా, మా చెల్లే, కొంకణం నుంచి వచ్చిన నా టీం లీడూ ఒకే గుండ్రంలో ఎలా పడతారో నాకు తెలీదు.

అయితే ఆ తవ్వకంలో ఇంకోటి బయటపడింది. సొరాలెన్ అన్న పేరు సొరాలియా కోరిలిఫోలియా అనే మొక్క నుంచి వచ్చింది. తెలుగులో బావంచాలు. పచారీ కొట్లో, వనమూలికల దుకాణంలో నల్లగా చిన్న చిన్నగా ఉండే గింజలు. బొల్లి మచ్చలకి బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టడం ఈ దేశంలో ఎంత పాతదంటే, ఒంటి మీద తెల్లమచ్చలు పోవాలని ఓషధిని వేడుకునే సూక్తాలు అథర్వవేదంలోనే ఉన్నాయి. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే మన రసాయన శాస్త్రజ్ఞులు ఆ గింజల నుంచి సారాన్ని వేరుచేశారు. 1940ల్లో కైరోలో ఎల్ మోఫ్తీ అనే డాక్టరు నైలు నది ఒడ్డున పెరిగే అమ్మి మాజుస్ అనే మరో మొక్కలోని ఇదే జాతి పదార్థంతో బొల్లికి వైద్యం చేశాడు. బోస్టన్ వాళ్ళు వాడింది ఆ రెండో దాన్ని. ఎండ బదులు ట్యూబులైట్లు పెట్టారు, కొలత పెట్టారు. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఆ యంత్రం లేనిచోట డాక్టర్లు మళ్ళీ ఎండనే వాడారు. మందు మింగి డాబా మీద నిలబడమని. దానికి పూవాసోల్ అని పేరు కూడా పెట్టారు. మన పచారీ కొట్టు దగ్గర మొదలైన దారి బోస్టన్ చుట్టి వచ్చి, మన ముఖానికి ఐదో నంబరు వేసి పంపింది.

అదే 1975లో ఇంకా కొన్ని జరిగాయి. హిందుస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీని మార్కెట్లోకి తెచ్చింది. ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు డాక్టర్లు 5 శాతం హైడ్రోక్వినోన్, 0.1 శాతం ట్రెటినాయిన్, 0.1 శాతం డెక్సామెథాసోన్ కలిపి రాస్తే చర్మం రంగు తగ్గిపోతుందని ప్రచురించారు. చెల్లె ట్యూబుకి అది పెద్దన్న. స్టెరాయిడ్ పేరొక్కటే మారింది. ఈ క్లిగ్‌మన్ 1951 నుంచి 1974 దాకా హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల ఒంటి మీద ప్రయోగాలు చేసి అప్రతిష్ఠ మూటగట్టుకున్నవాడు. ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. ఇక మన దేశంలో పుట్టిన చివరి మశూచి కేసు కనిపించింది కూడా 1975 మే నెలలోనే.

మశూచిని కావాలనే తెచ్చాను. ముఖం మీది గుంటలకి, కాంతికి ఉన్న సంబంధం అక్కడే మొదలైంది. మా నాయనమ్మకి చిన్నప్పుడు తల్లి పోసింది. ముఖమంతా గుంటలు. చీకటి గదిలో వేపమండల మీద పడుకోబెట్టి, పోచమ్మకి సాక పోసి, వెలుతురు తగలనీయకుండా చూశారట. ఇది మూఢత్వమని బడిలో నేర్చుకున్నాం. తీరా చూస్తే 1893లో నీల్స్ ఫిన్సెన్ అనే డెన్మార్క్ డాక్టరు సరిగ్గా ఇలాంటిదే చెప్పాడు. మశూచి రోగిని ఎర్ర పరదాలు కట్టిన గదిలో ఉంచండి, నీలి, ఊదా కిరణాలు తగలకపోతే గుంటలు పడవు అన్నాడు. యూరప్‌లో ఆసుపత్రులు ఎర్ర గదులు కట్టించాయి కూడా. తర్వాత పరీక్షించి చూస్తే ప్రయోజనం తేలలేదు. నాయనమ్మ చీకటి గదీ ఫిన్సెన్ ఎర్ర గదీ ఒకే ఖాతాలో పోయాయి. ఒకదాన్ని సైన్సు అన్నారు, రెండోదాన్ని అనలేదు.

ఫిన్సెన్‌కి పేరొచ్చింది వేరే పనికి. చర్మానికి వచ్చే క్షయ ముక్కునీ బుగ్గల్నీ తినేస్తుంది. కార్బన్ ఆర్క్ దీపం వెలుగుని స్ఫటిక కటకాలతో మచ్చ మీదికి గుదిగుచ్చి 1895 నుంచి దాన్ని నయం చేశాడు. 1903లో నోబెల్ ఇచ్చారు, 1904లో పోయాడు. ముఖానికి కాంతితో వైద్యం చేసే దుకాణాలన్నీ ఆయన ఫొటో పెట్టుకోవాలి న్యాయంగా. నేనెక్కడా చూడలేదు.

తర్వాత యాభై ఏళ్ళు దాటేసి 1960 మే 16కి వద్దాం. కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ ఒక కెంపు కడ్డీ చుట్టూ స్ప్రింగులా చుట్టుకున్న జెనాన్ ఫ్లాష్ దీపం పెట్టి, మొదటి లేజర్ వెలిగించాడు. ఆ దీపం ఫొటోగ్రఫీ కోసం అమ్మేది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఏడాదికల్లా సిన్సినాటిలో లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు లేజర్ ప్రయోగశాల తెరిచాడు. 1963లో అతని బృందం ప్రచురించిన పత్రాల్లోనే విషయం ఉంది: కెంపు లేజర్ రంగున్న చోటే ఎక్కువ తగులుతోంది. పుట్టుమచ్చ కాలుతోంది, పక్క తెల్లచర్మం కాలడం లేదు. తెల్లచర్మం వాళ్ళకి అదొక వరం. ఒళ్ళంతా రంగున్న మనుషుల సంగతి అప్పటికి ఎవరూ పెద్దగా అడగలేదు.

డెబ్బైల్లో ఆర్గాన్ లేజర్ వచ్చింది. పుట్టుకతో ముఖం మీద ద్రాక్షసారా ఒలికినట్టు ఎర్రమచ్చ ఉన్నవాళ్ళకి వాడారు. మచ్చ తగ్గేది గానీ, ఆగకుండా పడే వెలుగు చుట్టుపక్కల కూడా కాల్చి కొత్త మచ్చ మిగిల్చేది. దీనికి పరిష్కారం 1983లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. రాసినవాళ్ళు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. అవును, ఆ పూవా పారిషే.

వాళ్ళ ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే, ఆఫీసులో చాయ్ దగ్గర రెండుసార్లు క్లాసు పీకాను. ఇరానీ చాయ్ చిన్న కప్పులో పోస్తే చిటికెలో చల్లారుతుంది. గంజు నిండా ఉన్న చాయ్ గంటసేపు వేడిగానే ఉంటుంది. చర్మంలో ఉన్న వస్తువులూ అంతే. మెలనిన్ రేణువు మైక్రాన్ పాటిది, మైక్రోసెకను లోపే చల్లారుతుంది. నూరు మైక్రాన్ల రక్తనాళం చల్లారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మనకి కావలసిన వస్తువు చల్లారే లోపే వెలుగుని కొట్టి ఆపేస్తే, వేడి పక్కకి పాకే వ్యవధి ఉండదు. వస్తువు ఒక్కటే చస్తుంది, ఇరుగుపొరుగు బతుకుతుంది. రెండో షరతు, ఆ వస్తువు ఇష్టంగా తాగే రంగునే ఎంచుకోవాలి. రక్తంలో హిమోగ్లోబిన్ 577 నానోమీటర్ల పసుపు వెలుగుని బాగా తాగుతుంది. అందుకే ముఖం ఎరుపుకి పల్స్డ్ డై లేజర్ మొదట 577 దగ్గర, తర్వాత 585, 595 దగ్గర చేశారు. 1989కల్లా పసిపిల్లల ఎర్రమచ్చలకి వాడి మంచి ఫలితాలు చూపించారు. లెక్క అందంగా ఉంది. వెలుగు రంగు, వెలుగు పడే వ్యవధి, వెలుగు బలం, మూడే మీటలు.

చిక్కల్లా ఏమిటంటే రక్తం లోపలి పొరలో ఉంది, మెలనిన్ దాని మీది పొరలో ఉంది. పసుపు వెలుగు రక్తాన్ని చేరాలంటే మెలనిన్ గడప దాటాలి. బోస్టన్ రోగికి ఆ గడప దగ్గర ఎవరూ లేరు. బోరబండ రోగికి గుంపు ఉంది. వెలుగుని వాళ్ళే తాగేస్తారు, వేడెక్కేది వాళ్ళే, కాలేది పై చర్మం. రక్తనాళం దాకా చేరేది మిగిలింది. బలం పెంచితే ఇంకా కాలుతుంది. ఆండర్సన్, పారిష్‌ల లెక్కలో తప్పు లేదు. ఆ మూడు మీటలకీ ముందుగా పెట్టి ఇచ్చిన అంకెలు ఎవరి చర్మానివన్నదే ప్రశ్న.

ఇప్పుడు చెల్లెకి కొట్టిన యంత్రం. దాన్ని ఐపీఎల్ అంటారు. మా వాళ్ళకి ఉప్పల్ స్టేడియం గుర్తొస్తుంది గానీ, ఇది తీవ్రమైన వెలుగుని విడతలుగా విడిచే దీపం. ఇజ్రాయెల్‌లో షిమోన్ ఎక్‌హౌస్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు పెట్టిన కంపెనీ 1990ల మధ్యలో మార్కెట్లోకి తెచ్చింది. లోపలుండేది జెనాన్ ఫ్లాష్ దీపం. మైమన్ కెంపుని వెలిగించడానికి వాడినలాంటిదే, మధ్యలో కెంపు లేకుండా నేరుగా ముఖం మీదికి. లేజర్‌లా ఒక్క రంగు కాదు, సుమారు 500 నుంచి 1,200 నానోమీటర్ల దాకా అన్నీ ఉంటాయి. ముందు ఒక ఫిల్టరు అడ్డుపెట్టి పొట్టి తరంగాల్ని కోస్తారు. ఒకే యంత్రంతో ఎరుపు, మచ్చలు, వెంట్రుకలు అన్నీ, లేజర్ కన్నా చవగ్గా. తెల్లచర్మానికి నిజంగా మంచి పనిముట్టు. ముఖం మీద ఆనించే స్ఫటికం దీర్ఘచతురస్రంగా ఉంటుంది. చెల్లె బుగ్గల మీద పడ్డ స్టాంపులు దాని కొలతే. ట్యూబు రెండేళ్ళు అరగదీసిన చర్మం, ఏప్రిల్ ఎండ, ఐదు బదులు మూడు. డాక్టరు ఆ గదిలోకి రానే లేదు.

నా ముఖం గురించీ ఒక మాట, ఎందుకంటే కథలో మన దేశం పేరు బాగా వినిపించేది అక్కడ. నావి ఇంటర్ నాటి మొటిమల గుంటలు. గుంటలకి వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. 1964లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని కనిపెట్టిన కుమార్ పటేల్ బారామతిలో పుట్టి పుణె ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవాడు. దాని వెలుగు 10,600 నానోమీటర్లు, కంటికి కనపడదు. దాన్ని తాగేది నీరు. నీరు అందరి చర్మంలోనూ ఉంటుంది కాబట్టి ఈ లేజర్‌కి రంగు పట్టదు. ఆహా అనుకున్నాను. కానీ చర్మం పైపొర మొత్తం ఒలిచేస్తే, మానేటప్పుడు మన చర్మం రంగుని దండిగా పోసుకుంటుంది. దెబ్బ తగిలిన చోట మనకి మిగిలేది నలుపే, చిన్నప్పటి మోకాలి దెబ్బలు చూసుకోండి. 2004లో మాన్‌స్టైన్, ఆండర్సన్ బృందం మొత్తం ఒలవకుండా సూది మొనలంత చుక్కలు చుక్కలుగా కాల్చి మధ్యలో మంచి చర్మం వదిలే పద్ధతి చెప్పారు. అది మనకి చాలా నయం. నేను మూడు విడతలు చేయించుకున్నాను. గుంటలు సగం నిండాయి. రెండు నెలలు ముఖం మీద గోధుమరంగు గళ్ళు ఉండి పోయాయి. జూమ్ కాల్స్‌లో కెమెరా ఆపేసుకున్నాను.

మన రంగుకి సరిపడే వెలుగు లేదా అంటే ఉంది. అది పనిచేసిందని హైదరాబాద్‌లోనే రాసి పెట్టారు కూడా. కొందరికి ఒక కంటి చుట్టూ, చెంప మీద నీలం బూడిద రంగు మచ్చ ఉంటుంది. ఆసియా వాళ్ళలోనే ఎక్కువ. దాన్ని ఓటా మచ్చ అంటారు, 1939లో దాన్ని వర్ణించిన జపాన్ డాక్టరు ఓటా మసావో పేరు మీద. ఆయన కినోషిటా మొకుటారో అనే కలంపేరుతో కవి, నాటకకర్త. చర్మవ్యాధికి ఒక కవి పేరుండటం ఎంత బాగుంది! ఆ మచ్చలో మెలనిన్ లోపలి పొరలో ఇరుక్కుని ఉంటుంది. క్రీములు అంత లోతుకి పోవు. తరంగం పొడుగయ్యేకొద్దీ మెలనిన్ దాన్ని తక్కువగా తాగుతుంది. 1,064 నానోమీటర్ల ఎన్డీ యాగ్ లేజర్ పైపొర మెలనిన్‌ని పెద్దగా పట్టించుకోకుండా లోపలికి దిగి, నానోసెకన్లలో ఆ రేణువుల్ని పగలగొడుతుంది. హైదరాబాద్ చర్మవైద్యుడు సంజీవ్ ఔరంగాబాద్కర్ ఆ లేజర్‌తో యాభైమంది భారతీయ రోగులకి చేసిన చికిత్స గురించి 2008లో పత్రం ప్రచురించారు. మరుసటి ఏడాది మరొకరితో కలిసి దేశంలోని చర్మవైద్యులకి ఇలాంటి లేజర్ల మార్గదర్శకాలూ రాశారు. యాభై పెద్ద సంఖ్య కాదు. కానీ నేను ఈ చరిత్రంతా చదువుతూ పోతుంటే, మా చర్మం గోధుమరంగు అన్న సంగతిని చివరి పేరాలో జాగ్రత్తగా కాక మొదటి వాక్యంలోనే తీసుకున్న పత్రాలు ఇలాంటివే కనిపించాయి.

అలాగని 1,064 అన్నిటికీ తాళంచెవి కాదు. మంగు ఉంది. బుగ్గల మీద, ముక్కు మీద సీతాకోక రెక్కల్లా పాకే నలుపు. ఎండకి, కానుపులకి, మాత్రలకి వచ్చేది. మన ఆడవాళ్ళు లేజర్ గదికి ఎక్కువగా వెళ్ళేది దీనికే. లేజర్ నెమ్మదిగా కొడితే కొన్నాళ్ళు తగ్గుతుంది, ఆపితే తిరిగొస్తుంది. ఎక్కువసార్లు కొడితే మధ్యలో తెల్లచుక్కలు పడతాయి. ఓటా మచ్చలో ఉన్నది సరుకు, పగలగొడితే అయిపోతుంది. మంగులో నడుస్తున్నది కార్ఖానా. సరుకు పగలగొడితే ఇంకా తయారుచేస్తుంది. ఈ తేడా రోగికి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ప్యాకేజీ అమ్మే కౌంటర్ దగ్గర ఆ రెండు నిమిషాలు దొరకవు.

2002 చివర్లో మారికో కంపెనీ కాయా పేరుతో చర్మ క్లినిక్కుల గొలుసు మొదలుపెట్టాక, ఇది డాక్టరు దగ్గరికి పోవడంలా కాక సెలూన్‌కి పోవడంలా అయింది. తర్వాత వచ్చినవాటికి లెక్కే లేదు. ఇలాంటి సౌందర్య చికిత్సలు, జుట్టు నాటడం శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లే చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది 2022 సెప్టెంబర్‌లో. అంతకు రెండేళ్ళ ముందు ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ తీసేశారు. డబ్బా లోపల ఏముందో వెనక చిన్నక్షరాల్లో చదువుకోవాలి.

చెల్లెకి డాక్టరమ్మ ఏ వెలుగూ రాయలేదు. ట్యూబు మెల్లగా మాన్పించి, తేమ నిలిపే క్రీము, సన్‌స్క్రీన్, గొడుగు చెప్పి పంపింది. ఇక్కడ కూడా అదే కథ. 2010లో డెట్రాయిట్‌లో చేసిన పరీక్షలో మామూలు కంటికి కనిపించే వెలుగే నాలుగు నుంచి ఆరు నంబర్ల చర్మాన్ని నల్లబరిచింది. రెండో నంబరు వాళ్ళని అది ముట్టుకోలేదు. పారదర్శకంగా ఉండే సన్‌స్క్రీన్లు అతినీలలోహితాన్ని ఆపుతాయి, కనిపించే వెలుగుని ఆపవు. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే మన జేగురు మన్నులో ఉండేదే. అది కలిపితే క్రీముకి రంగొస్తుంది. రంగొస్తే ఎవరి రంగు అన్న ప్రశ్న వస్తుంది. చెల్లె మూడు కంపెనీలవి కొని చూసింది. మూడూ రాసుకుంటే ముఖం మెడ కన్నా రెండు గుండ్రాలు ఎడమకి జరుగుతోంది. ఇప్పుడు ఒకదానిలో అమ్మ పౌడర్ డబ్బాలోని కాస్త ముదురు కాంపాక్ట్ గీకి కలుపుకుంటుంది. చున్నీ ముఖానికి చుట్టుకుని, గొడుగు విప్పి, పొద్దున 9 గంటల బండికి బోరబండ స్టేషన్ మెట్లెక్కుతుంది.